సోమలింగం పేరు మీద ఉపవాసం

సచిన్ ఏరియా, సూరత్
జనవరి 2021

నాకు రెండో తల్లివైన విజయరాణి చిన్నమ్మకు, ప్రభువు పేరిట నరహరి వందనాలు.

ఇక్కడ అమ్మ బాగుంది, నేను బాగున్నాను, కరోనా కూడా బాగానే ఉంది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరాలేమిటని ఇక్కడి దోస్తులు నవ్వుతున్నారు. నువ్వు పెట్టిన షరతు వాళ్లకు చెప్పలేదు. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అదే ఉత్తరమైతే జగిత్యాల చేరేలోపు నా కోపం దారిలో చల్లారుతుందని కదా నీ లెక్క. ఈసారి ఆ లెక్క తప్పుతుంది. ఇది మామూలు కోపం కాదు, పరిశుద్ధమైన కోపం. అలాంటిది కూడా ఒకటి ఉంటుందని ఈమధ్య ఒక కరపత్రంలో చదివాను.

విషయం విను. ప్రతి కొత్త సంవత్సరం మనం కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టి బైబిలు మాట రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం కదా. ఈసారి కర్ఫ్యూ వల్ల గుడిలో కూడిక లేదు. ఆల్థాన్ చర్చి పాస్టరయ్య ఫోన్ వీడియోలోనే ఒక్కొక్కరి పేరు పిలిచి, ఆ పేరు మీద కార్డు తీసి చదివారు. అమ్మకు ఆరోగ్యం గురించి వచ్చింది. నాకేమో శత్రువును చూసి భయపడవద్దని, దేవుడు నా పక్కనే ఉన్నాడని వచ్చింది.

దేవుడు ఊరికే ఏదీ అనడు. శత్రువుకు భయపడకు అన్నాడంటే నాకు శత్రువు ఉన్నట్టే. మరి వాడెవడు? నా షిఫ్టు, అదే పాలీ, మొత్తం గుడ్డ నేసే సాంచాల మధ్య తిరుగుతూ అదే ఆలోచించాను. ముందు మా గది ఓనరేమో అనుకున్నాను. కానీ ఆయన పెరట్లో వంకాయలు కాస్తే మాకు పంపిస్తాడు. తరువాత చాయ్‌వాలా అనుకున్నాను. వాడు అందరికీ నీళ్ల చాయే పోస్తాడు, నాకు ప్రత్యేకంగా ఏమీ చేయడు. అప్పుడు దొరికాడు. సోమలింగం!

సోమలింగం మా ఖాతాలో, అంటే మా సాంచాల కార్ఖానాలో, మాస్టర్. ఎవరి సాంచా ఆగినా వచ్చి బాగుచేసేది ఆయనే. మన సిరిసిల్ల దిక్కు మనిషే, మన కులమే, మా గల్లీలోనే ఎదురు వరుసలో ఉంటాడు. ఆయన భార్య సారక్క దీపావళి అయినప్పటి నుంచి మా గదిలో జరిగే ఆదివారం ప్రార్థనకు వస్తోంది. పెద్ద గుంపేమీ కాదు. అమ్మ, సారక్క, పక్క గదుల ఆడవాళ్లు కొందరు. అప్పటి నుంచే ఈయన మారాడు. నా సాంచా ఆగితే అందరి తరువాత వస్తాడు. నేను చాయ్‌కి కూర్చుంటే లేచిపోతాడు. మొన్న పదిమంది ముందు అన్నాడు: "ఏందిర పాస్టరూ, నీ దేవునికి సాంచా రిపేరు రాదా?"

ఇంతకంటే రుజువేం కావాలి?

అందుకే ప్రతి శుక్రవారం సోమలింగం పేరు మీద ఉపవాసం మొదలుపెట్టాను. ప్రభువా, ఈ మనిషిని ఈ ఖాతా నుంచి, ఈ గల్లీ నుంచి తొలగించు అని అడుగుతున్నాను. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సాంచాలో దారం మోసే నాడెను కొట్టే కట్టె ఉంటుంది చూడు, పాతది ఒకటి తెచ్చి తలుపు వెనుక నిలబెట్టాను. గట్టి కట్టె. నువ్వు కూడా నాతో కలిసి ఉపవాసం ఉంటావని నమ్ముతూ,

సిలువ సైనికుడు
నరహరి

*

జగిత్యాల, పాత బస్టాండు వెనుక
జనవరి నెలాఖరు

ఒరే సైనికుడా, నా బంగారమా,

నీ ఉత్తరం చదివి డ్యూటీ గదిలో ఒక్కదాన్నే నవ్వాను. పక్క సిస్టర్ భయపడింది. దేవుడు భయపడకు అని చెబితే, నువ్వు భయపడటానికి మనిషిని వెతుక్కుంటూ బయలుదేరావు. లోకంలో ఇంకెవరైనా ఇట్లా చేస్తారా? నాకు వచ్చిన కార్డులో గొర్రెల మందలు పెరుగుతాయని ఉంది. నేనిప్పుడు సంతకు పోయి పొట్టేలును కొనాలా? తెచ్చినా కట్టేయడానికి నా గది ముందు జాగా కూడా లేదు. మా ఓనరు సమ్మక్క కోడిపిల్లనే ఓర్వదు.

ఉపవాసం సంగతి. కడుపు మాడ్చుకుని ఒక మనిషి పని పోవాలని అడుగుతున్నావు. ఆయన గల్లీ ఖాళీ చేస్తే సారక్క ఎక్కడ ఉంటుంది? ఆమె కూడా మూట కట్టుకుని పోవాల్సిందే కదా. అంటే నీ మొర దేవుడు వింటే నీ ప్రార్థనలో ఒక మనిషి తగ్గుతుంది. ఈ సంగతి ఏ శుక్రవారమూ నీకు తట్టలేదా? ఆకలికి బుర్ర పనిచేయడం లేదేమో.

ఇక ఆ కట్టె. తలుపు ముందు కూర్చుని దేవుడే నా కోట అని పాడుతావు, తలుపు వెనుక కట్టె పెట్టుకుంటావు. పైనుంచి చూసేవాడు ఏమనుకుంటాడు? వీడికి నేను కూడా ఉన్నాను, కట్టె విరిగితే పిలుస్తాడులే అనుకుంటాడు. తీసుకుపోయి ఎక్కడిది అక్కడ పెట్టు.

కరపత్రాలు చదవడం మానమని అనను. నాలుగు పేజీలు చదివి నలభై పేజీల కోపం తెచ్చుకోవద్దని అంటున్నాను. సోమలింగం చాయ్ దగ్గర లేచిపోయాడని రాశావు. నువ్వెప్పుడైనా ఆయన పక్కన పోయి కూర్చున్నావా? అది రాయలేదు.

అక్కకు బీపీ గోళీలు మరవొద్దని చెప్పు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. దవాఖానలో కరోనా కేసులు తగ్గాయి, అందరూ మాస్కులు గడ్డం కిందికి దించారు.

నీ మీద కోపం రాని ఒకే ఒక్క మనిషి,
చిన్నమ్మ

*

సచిన్, సూరత్
మార్చి 2021

చిన్నమ్మా,

కట్టె తీయలేదు. ముందే చెబుతున్నాను, మధ్యలో వెతుక్కోకు.

నువ్వు నవ్వావు. ఇప్పుడిది చదివి నవ్వు. పోయిన ఆదివారం ప్రార్థనలో సారక్క పాట ఎత్తుకుంది. గొంతు ఎంత బాగుంటుందో నీకు తెలియదు. సగం పాటలో గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. తలెత్తితే సోమలింగం, చెప్పులతోనే.

"ఏందే సారీ, ఇంట్ల కూర ఎవలు వండుతరు? నువ్వీడ కచ్చేరి వెట్టినవ్?"

"వండి మూత పెట్టే వచ్చిన," అంది సారక్క కళ్లు తెరవకుండానే. "జర తీసుకొని తినరాదు? చేతులు లేవా?"

ఆయన నావైపు తిరిగాడు. "నీకింక మీసాలు సక్కగ రాలే. మా ఇంటి మనిషికి దేవుణ్ణి సూపెట్టెటంత మొగోనివైనవార?"

"దేవుణ్ణి సూపెట్టనీకి మీసాలెందుకు మాస్టర్? నీకున్నయి గదా, నువ్వేం సూపెట్టినవ్?"

ఆడవాళ్లందరూ నవ్వారు. అక్కడే చెడింది. ఆయన ముఖం నల్లబడింది. "నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. కులపోళ్లను తోలుకొస్త. ఈ గల్లీల మీరెట్ల ఉంటరో గప్పుడు సూస్త" అన్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే తలుపు వెనక్కి పోయింది. కట్టె ఎత్తాను. అమ్మ లేచి వచ్చి ఆయనకూ నాకూ నడుమ నిలబడింది.

"కొట్టు. ముందుగాల నన్ను కొట్టు. చెయ్యి అలవాటైతది."

దించాను. ఆయన పోయాడు. వెనకే సారక్క కూడా చెప్పులు వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా పోయింది. ఇప్పుడు ఆదివారం వస్తే అమ్మా నేనూ ఇద్దరమే. మిగతావాళ్లు తలనొప్పి అంటారు, చుట్టాలొచ్చారంటారు. ఒక్క మనిషి బెదిరింపుకు దేవుని పని ఆగిపోవాలా? కులపెద్దలు వచ్చి గది ఖాళీ చేయమంటే అమ్మను ఎక్కడికి తీసుకుపోను?

అందుకే నిశ్చయించుకున్నాను. పాలీ మారేటప్పుడు సోమలింగం ఖాతా వెనుక సందులోంచి ఒక్కడే సైకిల్ మీద పోతాడు. అక్కడ దారి కాస్తాను. మాటతో వింటే మాట. వినకపోతే కట్టె. దేవుడు నా పక్కన ఉన్నాడు. కార్డు ఊరికే రాలేదు.

నన్ను ఆపకు. నా చేతుల బలం కోసం ప్రార్థన చెయ్యి.

నరహరి

*

జగిత్యాల, దవాఖాన
మార్చి నెలాఖరు

నరహరీ,

ఇది అందేసరికి నువ్వు కొట్టి ఉంటే చదవకుండా మడిచి పెట్టు. కొట్టకపోతే చదువు.

నీకు భయమేస్తోంది బిడ్డా. ఎగిరిపడకు, నీకే. నీ చిన్నప్పుడు టీకా వేయించడానికి నిన్ను నేనే ఒళ్లో పట్టుకున్నాను. అందరు పిల్లలూ ఏడ్చారు, నువ్వు ఏడవలేదు. సిస్టర్ చెయ్యి కొరికావు. ఎంత ధైర్యమో అని అక్క మురిసిపోయింది. నా ఒళ్లో ఉన్నవాడివి, నీ గుండె ఎట్లా కొట్టుకుందో నాకు తెలుసు. ధైర్యం ఉన్నవాడు కొరకడు.

భయపడటం తప్పని నేననడం లేదు. భయం వేసినప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటావు అన్నదే మాట. నువ్వు కట్టె పట్టుకుంటున్నావు.

ఒక్క పని చెయ్యి. సారక్కను అడుగు. నీ గుడి గురించీ, ఆయన కులం గురించీ మీ ఇద్దరు మగవాళ్లూ కొట్లాడుకున్నారు. నడుమ ఉన్న మనిషిని ఒక్కరూ అడగలేదు. సోమలింగానికి ఎందుకంత కోపమో ఆమెకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

డ్యూటీలు మళ్లీ పెరిగాయి. గ్లోవ్స్‌లో చేతులు నాని నాని వేళ్లు ముడతలు పడ్డాయి. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే, ఇంకేం కాదు.

చిన్నమ్మ

*

సచిన్, సూరత్
ఏప్రిల్ 2021

చిన్నమ్మా,

కొట్టలేదు.

కానీ నీ ఉత్తరం వచ్చేసరికి దారి కాయడానికి ఒకసారి పోయి వచ్చాను. సందులో గోడకు ఆనుకుని నిలబడ్డాను. సైకిల్ చప్పుడు వినిపించినప్పుడల్లా నా మోకాళ్లు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ప్రభువా, ఆయన రాకూడదు, ఈ దారిన రాకూడదు అని ప్రార్థన చేశాను. దారి కాసేవాడు చేసే ప్రార్థనేనా ఇది? ఆ రోజు ఆయన వేరే దారిన పోయాడు. నేను గోడ దగ్గరే కూర్చుండిపోయాను. తరువాత నీ ఉత్తరంలో టీకా సంగతి చదివి రోజంతా నీతో మాట్లాడలేదు. మనసులోనే అనుకో. ఆ మరునాడు కట్టెను ఖాతాలో పాత సామాను గదిలో పడేశాను.

సారక్కను కూరగాయల బండి దగ్గర అడిగాను. టమాటలు ఏరుతూ చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను.

"పోయినేడు లాక్‌డౌన్ల మా ఊరి పరమేశ్వర్ సచ్చిపోయిండు గదా, అప్పటి సంది మా ఆయనకు ఒకటే రంది. పరమేశ్వర్ ఈయన జోడీ. ఒక్క మనిషి దగ్గరికి రాలే. మున్సిపాలిటోళ్లు ప్లాస్టిక్ల సుట్టి బండ్ల ఏసుకపోయిండ్రు. ఈయన గల్లీ మొగల నిలవడి సూసిండు, కాలు ముందుకు పడలే. ఇంటికొచ్చి అన్నం ముట్టలే. 'మనది ఈ ఊరు గాదే. రేపు నేను పోతే కులపోళ్లే రావాలె, నన్ను ఎత్తాలె. నువ్వు ఆడ పాటలు పాడితే ఎవడొస్తడు?' అంటడు. నీ మీద కోపం గాదు కొడుకా. ఆయనకు పానం గజగజ."

చిన్నమ్మా, నేను ఇన్ని శుక్రవారాలు ఎవరి మీద ఉపవాసం ఉన్నాను?

అట్లాగని ఆయన మంచివాడైపోయాడని అనుకోకు. అన్నమాట ప్రకారం ఆదివారం బిక్షపతి పెద్దాయనను తోలుకొచ్చాడు. బిక్షపతి ఇక్కడ మన కుల సంఘానికి పెద్ద. నేను తలుపు బార్లా తెరిచి పెట్టాను. వెనుక ఏమీ లేదు. ఏమీ లేదని తెలిసినకొద్దీ అటే చూడాలనిపించింది.

"ఏం జేస్తుండ్రు ఈడ?" అన్నాడు పెద్దాయన.

"రోగం పోవాలని మొక్కుతున్నం మామా," అంది అమ్మ. "దూరంగ కూసోండ్రి, మీరు గూడ మొక్కుండ్రి. మీ దేవునికే మొక్కుండ్రి, ఎవలు వద్దన్నరు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. మతం గురించి ఏమీ అనలేదు. "గీ రోజులల్ల ఒక్క అర్రల మందిని కూడేసుడు మంచిది గాదు" అన్నాడు. నాకు మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన చెప్పింది న్యాయమే. సివిల్ దవాఖాన దారిలో అంబులెన్సులు ఆగడం లేదు. కామ్‌రేజ్ దగ్గర మనూళ్ల బస్సుల కోసం జనం మూటలతో నిలబడి ఉన్నారు. సరేనన్నాను.

అప్పుడు అమ్మ ఉపాయం చెప్పింది. ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని పాడాలి. ఇప్పుడు ఆదివారం వస్తే గల్లీ ఇటువైపూ అటువైపూ గుమ్మాల్లోంచి పాట లేస్తోంది. తలనొప్పులన్నీ తగ్గిపోయాయి. సారక్క కూడా తన గుమ్మంలోనే కూర్చుని పాడుతోంది, ఆయనేమో లోపల ఉండలేక, ఆమెను దాటుకుని బయటికి రాలేక ఇరుక్కున్నాడు.

ఆ కసి నా మీద తీర్చుకున్నాడు. "నీ సాంచా ఇగ నేను ముట్ట" అని ముఖం మీదే అన్నాడు. బెల్టు తెగి నా సాంచా ఆగిపోయింది. చుట్టూ అన్నీ మోగుతుంటే నాది ఒక్కటే మూగగా ఉంది. ఇట్లాగే ఉంటే సేఠ్ నన్ను తీసేస్తాడు. భయంగానే ఉంది, దాచను.

ఇంకొకటి. నీ ఉత్తరం మీద ఎప్పుడూ పాత బస్టాండు వెనుక అని ఉంటుంది. ఈసారి దవాఖాన అని ఎందుకుంది? డ్యూటీలో రాశావు అనుకున్నాను. తరువాత కవరు మీద పంపినవారి అడ్రస్ చూశాను. అక్కడ కూడా అదే రాశావు. ఏమైంది?

నీ నరహరి

*

జగిత్యాల, దవాఖాన
మే 2021

నా తండ్రీ,

కవరు వెనుక కూడా చూస్తావని నాకు తట్టలేదు. ఇంత చూపు ఉన్నవాడివి చదువు ఎందుకు మానేశావురా?

నన్ను ఇంట్లోంచి పంపేశారు. మార్చిలోనే. కరోనా వార్డులో వేశారని వీధిలో తెలిసింది. డ్యూటీ దిగి వచ్చేసరికి నా గదికి సమ్మక్క తన తాళం వేసి ఉంది. మెట్ల మీద నిలబడి రెండు చేతులూ జోడించింది. "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, ఇంట్లకు రాకు. మా ముసలాయన ఉన్నడు. ఊపిరి ఆడని మనిషి" అంది. తిట్టినా బాగుండేది. మొక్కింది. వెనక్కి తిరిగి వీధి మలుపుకు వచ్చానో లేదో, ఎవరో మట్టిగడ్డ విసిరారు. భుజానికి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు.

అప్పటి నుంచి దవాఖానలో దుప్పట్లు పెట్టే గదిలో పడుకుంటున్నాను. మెత్తగానే ఉంటుంది, దుప్పట్లకు కొదవ లేదు. నీకు చెప్పలేదు. చెబితే కట్టె పట్టుకుని కామ్‌రేజ్‌లో బస్సు ఎక్కుతావు.

అదొక్కటే కారణం కాదు. సిగ్గేసింది. దేవుణ్ణి నమ్ముకో, కట్టె పడేయి అని నీకు పెద్ద పెద్ద మాటలు రాశాను. నేనేం చేస్తున్నానో తెలుసా? మందుల దుకాణానికి పోవాలంటే ఆ వీధి దగ్గర దారి. అటు పోకుండా ఊరంతా చుట్టి పోతున్నాను. యూనిఫాం కనబడకుండా పైన శాలువా కప్పుకుంటున్నాను, ఈ ఎండల్లో! వార్డులో మనుషులు నా చేతుల్లో పోతుంటే వణకని దాన్ని, ఆ మలుపు చూస్తే కాళ్లు ఆడటం లేదు. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు, ఆ గడ్డ విసిరినవాడు ఎవడా అనే వస్తోంది.

నిన్న నీ ఉత్తరం చదివాను. తలుపు బార్లా తెరిచి పెట్టానని రాసినచోట ఆగిపోయాను. నిన్ను ఒళ్లో పట్టుకున్నది నేనే, ఇప్పుడు నువ్వు నన్ను దాటి ముందుకు పోయావు.

ఇప్పుడు నువ్వు నాకు రాయి. అరిచినా పరవాలేదు. ఏ కోపమూ దారిలో చల్లార్చకు.

చిన్నమ్మ

*

సచిన్, సూరత్
జూన్ 2021

మా చిన్నమ్మకు, మా సిస్టరమ్మకు,

అరిచాను. ఉత్తరంలో కాదు, ఇంట్లోనే. గడ్డ విసిరినవాడి వంశం మొత్తాన్నీ ఎత్తాను. అమ్మ ముందు ఏడ్చింది. తరువాత నన్ను చూసి, "ఇగ బస్సు ఎక్కుతవా? ఎక్కు. పోయి వాణ్ణి కొరుకు" అంది. నువ్వు రాసిన ఆ టీకా సంగతి అమ్మకు చదివి వినిపించడం నా తప్పే.

నీకు బుద్ధి చెప్పేంతవాణ్ణి కాదు. జరిగింది చెబుతాను.

నా సాంచా ఆగే ఉంది. సేఠ్ పిలిచి, మాస్టర్‌తో నువ్వే తేల్చుకో, లేకపోతే వేరే చోటు చూసుకో అన్నాడు. రక్తం నెత్తికెక్కింది. తిన్నగా సోమలింగం ఇంటికి పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. గల్లీలో అందరూ నీళ్లు పట్టుకునే వేళ.

"మాస్టర్, నా సాంచా బాగుచేస్తవా, చెయ్యవా?"

"చెయ్య."

"ఎందుకు?"

"నా ఇష్టం. నీ దేవుణ్ణి చేసుకొమ్మను."

"ఇష్టం గాదు. నీకు భయం."

ఉమ్మేసి లేచాడు. "ఎవనికిర భయం?"

"నీకే! నాకు గూడ ఉన్నది, నేను దాస్తలేను. నువ్వు పోతే ఎవలు ఎత్తుతరని భయం. గంతే గదా? నేను ఎత్తుత. ఇన్నవా? కులపోళ్లు వస్తే వాళ్ల ఎనుక నడుస్త. రాకుంటే ముందు నడుస్త. మంత్రాలు, డప్పులు అన్నీ మీ పద్ధతే, నేను నోరు మూసుకొని మోస్త. రోగముంటె గూడ మోస్త. పరమేశ్వర్ లెక్క కానియ్య!"

ఎంత గట్టిగా అరిచానంటే నల్లా దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. లోపలి నుంచి సారక్క గాబరాగా వచ్చింది. "అయ్యో నరహరీ, ఆయన ఇంక బతికే ఉన్నడు కొడుకా! జర మెల్లగ!"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వేం మోస్తవ్‌ర," అన్నాడు. "గుడ్డ తాకా ఎత్తితేనే నడుము పట్టుకుంటవ్." మగ్గు తీసుకుని లోపలికి పోయాడు.

అంతే. కౌగిలించుకోలేదు, ఏడవలేదు, సాంచా దగ్గరికి రాలేదు కూడా. నేను ఎదురుచూశాను. చివరికి నేనే వేరే ఖాతాలో పని చూసుకున్నాను. బస్సులో పోవాలి, దూరం ఎక్కువ. కోపం వచ్చింది. మళ్లీ శుక్రవారం ఉపవాసం ఉన్నాను. పేరు అదే, సోమలింగమే. అడిగేదే మార్చాను.

మొన్న ఆదివారం మాత్రం ఒకటి జరిగింది. పాట మొదలవగానే ఆయన సారక్కను పక్కకు జరగమని, బయటికి వచ్చాడు. గల్లీ మొగదాకా పోయి, అటు తిరిగి, బీడీ ముట్టించి నిలబడ్డాడు. బిక్షపతి పెద్దాయన వస్తే ముందుగా చెప్పడానికి నిలబడ్డాడో, ఊరికే నిలబడ్డాడో నాకు తెలియదు. పాట అయిపోయేదాకా ఉన్నాడు. బీడీ ఎప్పుడో అయిపోయింది.

ఆయన నాకు ఇప్పటికీ శత్రువే అనుకో. కానీ ఆయన ఎదురైతే నా చెయ్యి దేనికోసమూ వెతకడం లేదు. నాకు తెలిసింది ఇంతే చిన్నమ్మా. కరపత్రాల్లో భయం పొగలా ఎగిరిపోతుందని రాస్తారు. నాది ఎగిరిపోలేదు. అది ఉండగానే దేవుడు కూడా ఉన్నాడు. గుమ్మంలో నిలబడి అరిచినప్పుడు నా మోకాళ్లు ఆ సందులో వణికినట్టే వణికాయి, దేవుడు మాత్రం నన్ను పడనీయలేదు.

అందుకని, భయం పోయేదాకా ఆగకు. భయంతోనే ఆ వీధిలోకి పో. శాలువా తీసేసి పో. మళ్లీ గడ్డ తగిలితే నాకు రాయి. ఇద్దరం కలిసి ఏడుద్దాం.

నీ కొడుకు
నరహరి

*

జగిత్యాల, దవాఖాన
జూలై 2021

నరహరీ, నా నడుము నొప్పి మోతగాడా,

సారక్క అన్న మాటకు వార్డులో నవ్వాను. మాస్కు ఉండబట్టి ఎవరూ చూడలేదు.

పోయాను. యూనిఫాంతోనే, శాలువా లేకుండా, పొద్దున డ్యూటీ దిగి. మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ప్రభువా, మోకాళ్లను నువ్వు చూసుకో, నేను పాదాలను చూసుకుంటాను అన్నాను. నడిచాను. నా ముందు తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. గడ్డ రాలేదు. వస్తుందని వీపు మాత్రం దారి పొడవునా బిగుసుకునే ఉంది.

సమ్మక్క తలుపు వేసి కిటికీ సందులోంచి అంది. "మల్ల ఎందుకొచ్చినవ్? తాళం తియ్య."

"తాళం తియ్యకు సమ్మక్కా. లోపలికి రాను. కాళ్లు గుంజుతున్నయి, జర అరుగు మీద కూసుంట."

కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు. నీలాగా అరవడం నాకు రాదు. మనసులో ఆ ఇంటి ముసలాయన ఊపిరి కోసం ప్రార్థన చేసుకున్నాను. గడ్డ విసిరినవాడి కోసం కూడా చేద్దామనుకున్నాను గానీ అది ఇంకా రాలేదు. వస్తుంది, తొందరేముంది.

చాలాసేపటికి కిటికీలోంచి గొంతు వచ్చింది. "టీకా ఏసుకుంటె సస్తరట గదా?"

"నేను ఏసుకున్న. సచ్చిన్నా?"

"ముసలోళ్లకు ఏస్తరా?"

"వాళ్లకే ముందుగాల ఎయ్యాలె."

ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది. జ్వరం వస్తుందా అని అక్కడి నుంచి ఒకామె అడిగింది. తిండి ఏం తినాలని ఇంకో గోడ మీదినుంచి ఇంకొకామె. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎవరి తలుపు వెనుక వాళ్లు నిలబడి అడిగారు. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా చెబుతూ కూర్చున్నాను.

లేచి నాలుగడుగులు వేశానో లేదో, వెనుక నుంచి సమ్మక్క పిలిచింది. తలుపు మాత్రం తెరవలేదు.

"రేపు గూడ గిదే యాళ్లకు వస్తవా?"

వస్తానన్నాను.

చిన్నమ్మ